గొట్టాలు మోయగలిగినంతే చల్లదనం

2021 జూన్ 28న అమెరికా వాయవ్య మూలనున్న సియాటిల్‌లో ఎండ 108 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది. మన లెక్కలో 42 డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో అది మామూలు మధ్యాహ్నమే. సియాటిల్ ఇళ్లు మాత్రం అలాంటి ఎండ కోసం కట్టినవి కావు. చెక్క చట్రం, గోడల నిండా దూదిలాంటి ఇన్సులేషన్, నేలంతా తివాచీ. లోపలి వెచ్చదనం బయటికి పోకూడదన్నదే ఆ కట్టుబడి ఉద్దేశం. 2019 నాటికి ఆ మహానగర ప్రాంతంలో ఏసీ ఉన్న ఇళ్లు సగం కూడా లేవు. చలికాలానికి ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ ఉంటే చాలనుకునేవారు. ఆ మూడు రోజుల వడగాడ్పు తర్వాత ఆలోచన మారింది. రెడ్మండ్, బెల్‌వ్యూ, బాథెల్, సమామిష్ లాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా ఉన్న ఫర్నేస్‌కే సెంట్రల్ ఏసీ తగిలించుకోవడం మొదలుపెట్టాయి. ఈ పనిలో ఎవరైనా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇంటికి ఎన్ని టన్నులు పెట్టించాలి? అది రెండో ప్రశ్న అని నా వాదన. ఇంట్లో ఉన్న గొట్టాలు ఎంత గాలి మోయగలవన్నది తేలాకే టన్నుల సంగతి మాట్లాడాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పడగ్గదికి స్ప్లిట్ ఏసీ కొనేటప్పుడు టన్నుల ప్రశ్న సరిపోతుంది. అక్కడ చల్లబరిచే కాయిల్, గాలి విసిరే ఫ్యాన్ ఒకే పెట్టెలో ఉంటాయి. రెండింటికీ జోడీ కుదిర్చే పని కంపెనీదే. గాలి పెట్టెలోంచి నేరుగా గదిలోకి వస్తుంది, మధ్యలో దారి అంటూ ఏమీ లేదు. అమెరికా ఇంట్లో అలా కాదు. గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఒక ఫర్నేస్, దాని అడుగున ఒక బ్లోయర్, అక్కణ్నుంచి నేల కిందగానో అటక మీదగానో ప్రతి గదికీ పాకిన రేకు గొట్టాలు, వాడిన గాలిని వెనక్కి తెచ్చే ఇంకో పెద్ద గొట్టం. ఈ గొట్టాలన్నిటినీ డక్ట్ అనే ఒక్క మాటతో చెప్పేస్తారు. ఏసీ పెట్టించడమంటే ఈ పాత దారిలోకి కొత్త ప్రయాణికుణ్ని ఎక్కించడం. బండి కొత్తదే, రోడ్డు మాత్రం పాతది.

ఏసీ చేర్చినప్పుడు కొత్తగా వచ్చే సామాను ఎక్కువేమీ కాదు. ఫర్నేస్ నెత్తిన, వేడి గాలి బయటికొచ్చే చోట, గుడిసె కప్పులా రెండు పక్కలకూ వాలిన ఒక కాయిల్ కూర్చుంటుంది. దాని కింద నీళ్లు పట్టే పళ్లెం, ఆ నీళ్లు పోవడానికి ప్లాస్టిక్ పైపు. ఇంటి బయట సిమెంటు పలక మీద కంప్రెసర్ ఉన్న పెట్టె. రెండింటినీ కలుపుతూ రెండు రాగి గొట్టాలు, వాటిలో తిరిగే రిఫ్రిజిరెంట్. మన మెకానిక్‌లు గ్యాస్ అనేది దీన్నే. పెట్టెకు 240 వోల్టుల విడి లైను, థర్మోస్టాట్‌కు ఇంకో తీగ. కాయిల్ ఫర్నేస్‌కు తర్వాతే ఎందుకుండాలంటే, ముందు పెడితే చల్లటి గాలి మంట వేడిని అందించే ఇనుప గదుల మీదుగా పోయి అక్కడ చెమ్మ పట్టిస్తుంది, ఇనుము తుప్పు పడుతుంది. చూడండి, ఈ జాబితాలో ఫ్యాన్ లేదు. చల్లగాలిని ఇల్లంతా తిప్పే పని ఎన్నేళ్లుగానో వేడిగాలి తిప్పుతున్న ఆ పాత బ్లోయర్ మీదే పడుతుంది.

ఇక్కడ టన్ను అనే మాట సంగతి కాస్త చెప్పుకోవాలి. అది యంత్రం బరువు కాదు. అమెరికా టన్ను, అంటే 2,000 పౌండ్ల మంచు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని లాగే శక్తి. వేడిని కొలిచే బీటీయూల్లో చెబితే గంటకు 12,000. మంచుదిమ్మలతో చల్లదనం అమ్ముకున్న రోజుల గుర్తు అది. ఆ మంచు ఇప్పుడు లేదు గానీ కొలత మాత్రం మిగిలింది. ఈ కొలత చెప్పేది యంత్రం ఎంత వేడిని లాగగలదో. ఆ వేడి యంత్రం దగ్గరికి ఎలా చేరుతుందో అది చెప్పదు. గదుల్లో ఉన్న వేడిని కాయిల్ దాకా మోసుకొచ్చేది గాలి ఒక్కటే.

గాలి ఎంత వేడి మోస్తుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత గాలి కదిలింది, దాని ఉష్ణోగ్రత ఎంత మారింది. లెక్కలు ఫారెన్‌హీట్‌లోనే చూద్దాం. ఫర్నేస్ 70 డిగ్రీల గాలిని లాక్కుని సుమారు 122 డిగ్రీలకు కాచి పంపుతుంది. తేడా 52 డిగ్రీలు. ఏసీ 75 డిగ్రీల గాలిని తీసుకుని 55కు దించి పంపుతుంది. తేడా 20 డిగ్రీలే. ఇంకా చల్లబరిచి పంపొచ్చు కదా అంటే కుదరదు. కాయిల్ ఇప్పటికే 40 డిగ్రీల దగ్గర ఉంది, 32 దిగితే దాని మీద చెమ్మ గడ్డకడుతుంది. తేడా తక్కువైనప్పుడు గాలి ఎక్కువ కదలాలి, వేరే దారి లేదు. టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి అన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న లెక్క. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గంటకు 45,000 బీటీయూల వేడి ఇచ్చే ఫర్నేస్‌కు నిమిషానికి 800 ఘనపుటడుగులు చాలు. రెండు టన్నుల ఏసీ లాగేది 24,000 బీటీయూలే అయినా దానికీ 800 కావాలి. పని దాదాపు సగం, గాలి మాత్రం అంతే.

చలికాలమంతా ఇల్లు వెచ్చగానే ఉందిగా, ఆ గొట్టాలే ఎండాకాలానికి ఎందుకు చాలవు అని అడిగేవాళ్లకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. అయితే ఆ ప్రశ్న అన్ని ఊళ్లలోనూ తప్పు కాదు. మినియాపొలిస్ లాంటి చోట, చలి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దాటే చోట, పెద్ద ఫర్నేస్ పెడతారు, దానికి తగ్గట్టు లావు గొట్టాలు వేస్తారు. వాటిలో ఎండాకాలపు గాలి హాయిగా పడుతుంది. చిక్కు వచ్చేది సియాటిల్ లాంటి కొద్దిపాటి చలి ఊళ్లలోనే. చిన్న చలికి చిన్న ఫర్నేస్, చిన్న ఫర్నేస్‌కు సన్న గొట్టాలు. ఎండ మాత్రం ఇప్పుడు అంత చిన్నదిగా లేదు. చలి తక్కువగా ఉండే ఊళ్లోనే చల్లబరచడం కష్టం కావడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ డక్ట్ చూసినవాళ్లకు ఉండదు.

ఇక అసలు సంగతి, ఒత్తిడి. గొట్టంలో గాలి పోవాలంటే బ్లోయర్ నెట్టాలి. ఆ నెట్టుడును నీటి అంగుళాల్లో కొలుస్తారు: స్ట్రాలో నీటిని ఎన్ని అంగుళాలు పైకి లేపగలదన్నది కొలత. చాలా ఫర్నేస్‌ల మీద అతికించిన పట్టీలో గరిష్ఠ ఒత్తిడి అర అంగుళం అని రాసి ఉంటుంది. అర అంగుళం నీరంటే పసిపిల్ల ఊదగలిగేంత. ఫర్నేస్ బ్లోయర్ బలమంతా అంతే, ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో కదిలించడానికే దాన్ని తయారు చేస్తారు. గొట్టాలు మారకుండా గాలి రెట్టింపు కావాలంటే ఒత్తిడి రెట్టింపు అయితే సరిపోదు, నాలుగు రెట్లు కావాలి. గాలి మూడు రెట్లయితే ఒత్తిడి తొమ్మిది రెట్లు. ఈ వర్గం లెక్క తెలియకుండా కుదుర్చుకున్న ఏసీలే ఎక్కువగా గోల పెడతాయి, అక్షరాలా.

2,000 చదరపు అడుగుల ఇల్లు ఒకటి ఊహించుకుందాం. ఫర్నేస్ 800 ఘనపుటడుగుల గాలిని 0.35 అంగుళాల ఒత్తిడితో తిప్పుతోంది. 500 చదరపు అడుగులకు ఒక టన్ను అన్న బజారు లెక్క ప్రకారం ఎవరో నాలుగు టన్నులు రాసిచ్చారు. దానికి 1,600 ఘనపుటడుగులు కావాలి, అంటే గాలి రెట్టింపు. ఒత్తిడి 1.4 అంగుళాలకు చేరాలి. దారికి అడ్డంగా కూర్చున్న తడి కాయిల్ తినే ఒత్తిడి దీనికి అదనం. అర అంగుళానికి తయారైన బ్లోయర్ అది చేయలేదు. పాతకాలపు మోటారైతే చేతులెత్తేసి గాలి తగ్గిస్తుంది. ఇప్పటి తెలివైన మోటారైతే పట్టుదలగా వేగం పెంచుకుంటూ పోతుంది, కరెంటు తాగుతుంది, గదుల్లో గ్రిల్లులు ఈల వేస్తాయి. అదే ఇంటికి రెండు టన్నులు పెడితే? గాలి 800లోనే ఉంటుంది. కాయిల్ ఒక పదో వంతు అంగుళం తింటుంది. మొత్తం 0.45, పట్టీలో రాసిన హద్దు లోపలే. ఒక్క గొట్టం మార్చకుండా పని అయిపోతుంది.

ఈ లెక్కను ఇంట్లోవాళ్లే తెలియక చెడగొట్టే చోటు ఒకటుంది: ఫిల్టర్. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ సియాటిల్‌ను కమ్మేసినప్పటి నుంచి మెర్వ్ 13 రకం ఫిల్టర్లు కొనడం అలవాటైంది. పొగరేణువుల్ని పట్టడానికి అవి మంచివే. కానీ అంత సన్న నేతను ఒక్క అంగుళం మందం ఉన్న పాత ఫ్రేములో బిగిస్తే ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పరిగెత్తినట్టే. నాలుగు అంగుళాల మందం ఫిల్టర్‌లో మడతలు లోతుగా ఉంటాయి, గాలి దూరే వైశాల్యం పెరుగుతుంది, అదే నేత అడ్డు చాలా తక్కువ పెడుతుంది. ఫర్నేస్ పక్కన ఆ పెట్టె బిగించడం చిన్న పని. ఏసీ పెట్టేటప్పుడే చేయించుకోవాలి.

గాలి చాలనప్పుడు ఏమవుతుందో కాయిల్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. కాయిల్ లోపల రిఫ్రిజిరెంట్ మరుగుతూ ఉంటుంది. దాన్ని మరిగించే వేడి గదుల నుంచి వచ్చే గాలిదే. ఆ గాలి తగ్గితే మరుగు మందగిస్తుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, దానితో పాటు ఉష్ణోగ్రతా పడిపోయి 32 దిగుతుంది. అప్పటిదాకా బొట్లుగా జారుతున్న చెమ్మ రేకుల అంచున తెల్లటి నూగులా పట్టుకుంటుంది. నూగు పొరవుతుంది, పొర రేకుల మధ్య సందుల్ని పూడుస్తుంది, సందులు పూడితే గాలి ఇంకా తగ్గుతుంది, గాలి తగ్గితే మంచు ఇంకా పెరుగుతుంది. చివరికి బయటికి పోయే లావు రాగి గొట్టం మీద కూడా తెల్లటి మంచు తొడుగు కనిపిస్తుంది. ఆ దశలో మరగని ద్రవం కంప్రెసర్ దాకా వెళ్తుంది. ఆవిరిని నొక్కడానికి తయారైన యంత్రం నోట్లో ద్రవం పడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం కనిపించేది ఏసీ తిరుగుతోంది, చల్లదనం లేదు అన్నదే. వెంటనే గ్యాస్ తగ్గిందేమో ఎక్కించమంటారు. గ్యాస్ నిజంగా తగ్గినా ఇదే లక్షణం కనబడుతుంది కాబట్టి మెకానిక్ కూడా సులువుగా పొరబడతాడు. మూసిన గొట్టంలో తిరిగే గ్యాస్ దానంతట అది అరిగిపోదు, కారితేనే తగ్గుతుంది. కారడం కనిపించనప్పుడు ముందు అనుమానించాల్సింది గాలినే.

చిన్న యంత్రం చాలన్న వాదనకు వచ్చే గట్టి ఆక్షేపణ ఒకటుంది. 42 డిగ్రీలు వచ్చిన ఊళ్లో రెండు టన్నులేమిటి, అటువంటి రోజుకు సరిపడా పెద్దది పెట్టుకోవద్దా అని. కాదనలేని భయమే. కానీ అమెరికాలో ఏసీ లెక్కలకు ప్రామాణికమైన మాన్యువల్ జె పద్ధతి ఏడాదిలో అతి వేడి గంటల్ని కావాలనే వదిలేస్తుంది. ఒక్క శాతం గంటలు మాత్రమే మించే ఉష్ణోగ్రతను హద్దుగా తీసుకుంటుంది. సియాటిల్‌కు అది 30 డిగ్రీల సెల్సియస్ లోపే. గోడల మందం, కిటికీల దిక్కు, అటక ఇన్సులేషన్, ఇంట్లో మనుషుల సంఖ్య గదివారీగా వేసి తీసే ఈ లెక్కలో, బజారు లెక్క నాలుగు టన్నులన్న ఇల్లు రెండు, రెండున్నర దగ్గర తేలడం మామూలే. మరి 42 డిగ్రీల రోజున? యంత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగకుండా తిరుగుతుంది, ఇల్లు అనుకున్న దానికంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. హాయి తగ్గుతుంది, ప్రాణానికి ముప్పు రాదు. ఆ కొద్ది గంటల కోసం మిగతా వేసవంతా పెద్ద యంత్రాన్ని భరించడం ఎంతవరకు సబబన్నదే ప్రశ్న.

భరించడం అని ఎందుకన్నానంటే, పెద్ద ఏసీ గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చల్లబరచడం ఏసీ పనుల్లో ఒకటి మాత్రమే, రెండోది గాలిలోని చెమ్మను పిండడం. నిజానికి ఏసీ పుట్టింది ఆ రెండో పని కోసమే: 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం దాన్ని రూపొందించినప్పుడు అక్కడి బాధ ఉక్క కాదు, తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి కుదరకపోవడం. మూడు టన్నుల ఏసీ ఉక్కపోత రోజున ఆగకుండా తిరిగితే గంటకు మూడు నాలుగు లీటర్ల నీరు పిండగలదు. కానీ ఆ నీరు పళ్లెంలోకి చేరాలంటే ముందు కాయిల్ చల్లబడాలి, రేకులు తడవాలి, బొట్లు బరువెక్కి జారాలి. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాలకోసారి ఆగిపోయే యంత్రం రేకుల్ని తడిపి వదిలేస్తుంది. అది ఆగాక కూడా బ్లోయర్ తిరుగుతుంటే ఆ తడి మళ్లీ గదుల్లోకే పోతుంది. థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ను ఎప్పుడూ ఆన్‌లో కాకుండా ఆటోలో ఉంచమనేది అందుకే. సియాటిల్ వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. న్యూజెర్సీలోనో హ్యూస్టన్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం 72 డిగ్రీలు పెట్టుకున్నా ఒళ్లు జిడ్డుగానే ఉందని విసుక్కోవడానికి చాలాసార్లు కారణం యంత్రం చిన్నదవడం కాదు, పెద్దదవడం. వేగాన్ని తగ్గించుకోగల ఇన్వర్టర్ యంత్రాలు ఈ దోషాన్ని కొంతవరకు సరిదిద్దుతాయి, ఒప్పుకోవాల్సిందే. అవి కూడా పూర్తి వేగంతో తిరిగేటప్పుడు అడిగేది ఆ గొట్టాల్లోంచి వచ్చే గాలినే.

గొట్టాలు చాలకపోతే మార్చాల్సిందేనా? అన్నీ అక్కర్లేదు. చాలా ఇళ్లలో ఇరుకు వెనక్కి తెచ్చే దారిలో ఉంటుంది: ఇల్లంతటికీ ఒకటో రెండో రిటర్న్ గ్రిల్లులు. పై అంతస్తులో ఇంకో గ్రిల్ పెట్టి, బ్లోయర్ దగ్గర ఇరుకైన మలుపు ఒకటి విప్పితే ఒత్తిడి బాగా దిగుతుంది. గొట్టం వ్యాసం కొంచెం పెరిగితే అది మోసే గాలి చాలా పెరుగుతుంది; 6 అంగుళాల గొట్టానికి బదులు 8 అంగుళాలది వేస్తే దాదాపు రెట్టింపు గాలి పోతుంది. ఇక గాలి కారడం. అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ లెక్క ప్రకారం మామూలు ఇంట్లో డక్ట్‌లో కదిలే గాలిలో 20 నుంచి 30 శాతం అతుకుల సందుల్లోంచి పోతుంది. అటకలోకీ నేలకిందికీ పోయే ఆ చల్లదనం ఎవరికీ పనికిరాదు. మాస్టిక్ అనే పేస్టుతో ఆ సందులు మూస్తే అర టన్ను యంత్రం ఉచితంగా కొన్నట్టే. ఇంకోటి, చలికాలంలో ఎవరూ పట్టించుకోనిది: బేస్‌మెంట్‌లో తొడుగు లేని రేకు గొట్టం వేడి గాలి మోసినంతకాలం నష్టం లేదు, చల్లగాలి మోయడం మొదలుపెడితే ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబులా చెమరుస్తుంది. కింద పెట్టుకున్న అట్టపెట్టెలు తడిసి బూజు పట్టాక గానీ తెలియదు.

ఇంత గొడవ ఎందుకు, మన ఊళ్లో లాగా గదికో స్ప్లిట్ ఏసీ పెట్టుకుంటే పోలా అనేవాళ్లున్నారు. డక్ట్ లేని ఇళ్లకు, అంటే వేడినీటి రేడియేటర్లతో వెచ్చబడే ఈశాన్య రాష్ట్రాల పాత ఇళ్లకు, నా ఓటు వాళ్లకే. గోడలు పగలగొట్టి కొత్తగా గొట్టాలు వేయడం కంటే అదే మేలు. ఎంత చేసినా చల్లబడని పై అంతస్తు గది ఒక్కటి మిగిలిపోయినా దానికో చిన్న స్ప్లిట్ పెట్టుకోవచ్చు. కానీ డక్ట్ ఉన్న ఇంట్లో గదికొకటి చొప్పున ఐదు పెట్టెలు బిగిస్తే ఐదు పళ్లేలు, ఐదు నీటి పైపులు, ఐదు ఫిల్టర్లు కడగాలి. పైగా మాడిపోయేవి, కారేవి ఐదు.

చివరిగా ఒక సంగతి చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది. బయట పెట్టెలో రిఫ్రిజిరెంట్ దారిని తిప్పే ఒక కవాటం అదనంగా పెడితే అదే ఏసీ చలికాలంలో ఇంటిని వెచ్చబరుస్తుంది. దాన్నే హీట్ పంప్ అంటున్నారు. కాయిల్ అదే, రాగి గొట్టాలు అవే, పెట్టె దాదాపు అదే. బయట చలి మరీ ఎక్కువ కానప్పుడు ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. జలవిద్యుత్ మీద ఎక్కువగా నడిచే వాషింగ్టన్ రాష్ట్రంలో, మంచు అరుదుగా పడే సియాటిల్‌లో, ఏసీ ఎలాగూ పెట్టిస్తున్నవాళ్లు ఉత్త ఏసీ కొనడానికి గట్టి కారణం నాకు కనబడదు. గడ్డకట్టే రోజుల కోసం పాత ఫర్నేస్‌ను అలాగే ఉంచుకోవచ్చు. ఒకటే షరతు: హీట్ పంప్ ఇచ్చే గాలి ఫర్నేస్ గాలంత వేడిగా ఉండదు, గోరువెచ్చగా ఉంటుంది. అంటే చలికాలంలోనూ ఎక్కువ గాలే కదలాలి. వేసవిలో గొట్టాల సంగతి పట్టించుకోనివాళ్లు డిసెంబరులో పట్టించుకోక తప్పదు.

కొటేషన్ రాయడానికి వచ్చిన మనిషి ఇల్లు ఎన్ని చదరపు అడుగులని అడిగి అక్కడికక్కడే టన్నులు చెప్పేస్తే, మర్యాదగా ఫర్నేస్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిల్టర్‌కు, బ్లోయర్‌కు మధ్య ఒకటి, కాయిల్ కూర్చోబోయే చోట ఒకటి, పెన్సిల్ మందాన రెండు రంధ్రాలు పెట్టి మానోమీటర్‌తో ఒత్తిడి చూపించమనండి. పావుగంట పని అది. ఆ అంకెను ఫర్నేస్ మీది పట్టీలో ఉన్న అంకె పక్కన రాసివ్వమనండి. మానోమీటర్ బండిలో లేదంటే, అది తెచ్చేవాణ్ని పిలవండి.